కొంచెం అటు తిరగమ్మా

పద్నాలుగేళ్లుగా మా వదిన ఒక గోడను చూస్తూ వచ్చింది.

ఆ గోడ ఆవిడ పనిచేసే పెద్దాస్పత్రి మూడో అంతస్తులో, సర్వర్ల గదిలో ఉంది. ఆరంతస్తుల ఆస్పత్రిలో ఎన్ని కంప్యూటర్లున్నాయో వాటన్నిటి తీగలూ ఆ గదికే వచ్చి చేరతాయి. ఆ తీగలు లాగే పని మా వదినది. నిచ్చెనెక్కి, పైకప్పు పలకలు జరిపి, గొట్టాల్లోంచి తీగ దూర్చి, ఒక కొస తెచ్చి ఆ గదిలో బిగిస్తుంది. ఏ తీగ ఏ గోడలోంచి పోయి ఏ డాక్టరు బల్ల కింద తేలుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆస్పత్రిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ ‘తీగలమ్మ’.

తీగ బిగిస్తే సరిపోదు, అది పనిచేయాలంటే ఆఫీసరు కంప్యూటర్లో పాస్‌వర్డ్ కొట్టాలి. అప్పుడాయన, “కొంచెం అటు తిరగమ్మా” అంటాడు. మా వదిన అటు తిరుగుతుంది. అటు ఉన్నదే ఆ గోడ. గోడకి మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి, దాని మెడలో గడువు తేదీ రాసిన చీటీ. రోజుకి మూడు నాలుగుసార్లు ఆ చీటీ చదివేది. గడువు దాటిన మర్నాడు, “సార్, ఈ సిలిండరు తేదీ అయిపోయింది” అని చెప్పింది కూడా. “చెప్తాలే అమ్మా” అన్నాడు ఆఫీసరు. ఎవరికీ చెప్పలేదు. తీగలమ్మ మాట ఎవరు పట్టించుకుంటారు!

ఇదంతా చెప్తున్న నేనెవరినంటారా? ఆవిడ ఆడపడుచుని. అన్నయ్యా వదినలతోనే ఉంటూ, ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. నాకు ముక్కు మీదే కోపమని వీధంతా చెప్పుకుంటారు, అందులో అబద్ధమేమీ లేదు. ఆడపడుచు నోట వదినని పొగడటం ఎప్పుడైనా విన్నారా? ఇదిగో, ఇప్పుడు వినండి.

ఒకరోజు సాయంత్రం వదిన చెప్పులు కూడా విప్పకుండా వచ్చి నా మిషను పక్కన కూలబడింది. రెండు కాగితాలు నా ఒళ్లో పెట్టింది.

“నాకేం అర్థమవుతాయి వదినా, నువ్వే చెప్పు,” అన్నాను.

చెప్పింది. మొదటి కాగితంలో ఆస్పత్రివాళ్లు నెట్‌వర్క్ సెక్యూరిటీ అని కొత్త విభాగం పెడుతున్నామని రాశారు. కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా కాపలా కాయడమన్నమాట. ఉన్న ఉద్యోగులకి అందులో ఒకే ఒక్క పోస్టు. ఎనిమిది నెలల్లోగా ఫలానా పరీక్ష పాసై సర్టిఫికెట్ చూపించినవాళ్లకే. రెండో కాగితంలో ఇకమీదట తీగల పని బయటి కంపెనీకి ఇచ్చేస్తామనీ, వదినని స్టోర్‌కి మారుస్తామనీ ఉంది.

“స్టోర్లో ఏం చేయాలి?”

“ఎవరైనా వచ్చి అడిగితే మౌసూ, కీబోర్డూ తీసివ్వాలి. సంతకం పెట్టించుకోవాలి.”

“బాగానే ఉంది కదా! నిచ్చెనలెక్కే బాధ తప్పింది. హాయిగా ఫ్యాను కింద కూర్చుని మౌసులు పంచు.”

“పంచను,” అంది వదిన.

ఆ ఒక్క మాటే అంది. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చుంది. “ఆ పోస్టు నాకు కావాలమ్మాయ్. ఆ గోడను చూసి చూసి విసుగొచ్చింది. తీగలన్నీ నేను లాగినవే, ఆ గదికి నేనేం దొంగనా? తప్పు ఆ ఆఫీసరుది కాదు, రూలు రూలే. అందుకే ఆ రూలుకి ఇవతల నుంచి అవతలికి పోవాలి. నలభై రెండేళ్లొచ్చాయి. ఇప్పుడు పోకపోతే ఇక పోలేను.”

మా వదినది ఉడుంపట్టు. పట్టిందంటే ఇక వదలదని నాకు తెలుసు.

పుస్తకం వచ్చింది. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. వదిన రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఆరున్నర దాకా చదివేది. నేను కాలర్లలో వేసే అట్టను ముక్కలు చేసి మూడొందల కార్డులు కత్తిరించి ఇచ్చాను. ఒక వైపు ప్రశ్న, వెనక జవాబు ఆవిడే రాసుకుంది. ప్రశ్నలడిగే పని మొదట అన్నయ్యకి అప్పగించాం. మా అన్నయ్య బస్సు డ్రైవరు. డ్రైవరుతో మాట్లాడరాదని బస్సులో బోర్డు ఉంటుంది చూశారా, ఆయన ఆ బోర్డును ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. రెండు కార్డులు చదివేసరికి మూడోది చేతిలో పట్టుకుని గురక మొదలుపెట్టాడు.

దాంతో ఆ పని నా నెత్తిన పడింది. కాలు మిషను తొక్కుతుంటే నోరు ప్రశ్నలడిగేది. ఆ మాటలు పలకలేక నా నాలుక మడతపడేది. “వదినా, ఇది మనుషులు మాట్లాడుకునే భాషేనా?” అంటే, “మనుషులు మాట్లాడుకునేది కాదు, మిషన్లు మాట్లాడుకునేది” అని నవ్వేది. ఊరికే అడగడం నా ఒంటికి పడదు, అందుకని పందెం పెట్టాను. జవాబు తప్పితే ఒక గుండీ కుట్టాలి. మొదటి నెల నేను ఒక్క గుండీ కూడా కుట్టలేదంటే నమ్మండి, చొక్కాలన్నిటికీ ఆవిడే కుట్టింది. ఆరో నెలకొచ్చేసరికి నా గుండీలు నేనే కుట్టుకోవాల్సి వచ్చింది. మనసులో సంతోషమే, పైకి మాత్రం గొణిగేదాన్ని.

ఒకరోజు ఒక కార్డు తీసి చదివాను. “పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తీసుకోవాల్సిన మొదటి జాగ్రత్త ఏది?”

వదిన టీ గ్లాసు కింద పెట్టి, “పక్కనున్న మనిషిని చూడనివ్వకూడదు” అంది. మళ్లీ గ్లాసందుకుంటూ, “ఆ పక్కనున్న మనిషిని నేనే అమ్మాయ్” అని పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్నేళ్ల మాట ఉన్న ఆ చిన్న అట్టముక్కను కట్ట అడుక్కి తోసేశాను.

ఏడో నెలలో పరీక్ష రాసింది. ఎనభై ప్రశ్నలు, ఆ తర్వాత కంప్యూటర్లోనే చేసి చూపించాల్సిన పనులు రెండు. పొద్దున వెళ్లిన మనిషి మధ్యాహ్నం రెండింటికి వచ్చి, బ్యాగు భుజాన ఉండగానే గుమ్మంలో నిలబడిపోయింది. నేను మిషను ఆపేశాను.

“పోయింది,” అంది.

ప్రశ్నలకి బాగానే రాసిందట. దెబ్బ కొట్టింది చివరి పని. ఫైర్‌వాల్ అని ఒక కాపలా మిషను ఉంటుంది. దానికి ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో వరసగా రాసివ్వాలి. అది పై నుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. ఏ లైను ముందు వర్తిస్తే అదే చేస్తుంది, ఆ కిందవి చూడదు.

“మందుల విభాగాన్నీ ల్యాబునీ తప్ప అందర్నీ ఆపమన్నారు. నేను కంగారులో ‘ఎవర్నీ రానివ్వకు’ అని ముందే రాసి పంపేశాను. మిగతావి తర్వాత రాద్దామనుకున్నాను. ఆ మిషన్ని నేను దూరం నుంచే నడుపుతున్నాను కదా, అది నన్ను కూడా ఆపేసింది. ఇక లోపలికి పోవడానికి దారి లేదు. ఇంకా పదకొండు నిమిషాలుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.”

“నువ్వు రాసిందే కదా, నిన్నే ఆపేస్తుందా?”

“దానికి నా ముఖం తెలీదు అమ్మాయ్. రాసిచ్చిన చీటీ ఒక్కటే తెలుసు.”

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకుంటే నేనెందుకవుతాను! ఏడు నెలలు నేనూ కష్టపడ్డానన్న ఉక్రోషం ఒకటి. “అయ్యో రామా! ఆస్పత్రంతటికీ దారులేసినదానివి, నీ దారి నువ్వే మూసుకుని వచ్చావా? ఇంతోటిదానికి ఇన్నాళ్లు నా ప్రాణం తీయాలా? ఆ మౌసులేవో పంచుకుంటే పోయేది!” అనేశాను.

వదిన తిట్టినా బాగుండేది. బ్యాగు కొక్కేనికి తగిలించి, లోపలికెళ్లి కూర గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. అంత సేపు ఎవర్నీ చూడడు ఆయన.

రూలు ప్రకారం ముప్పై రోజులాగితే గానీ మళ్లీ రాయనివ్వరు. ఆస్పత్రి పెట్టిన గడువుకి ముప్పై అయిదు రోజులుంది. అంటే ఇంకొక్కసారి రాయొచ్చు, ఒక్కసారే. అదీ పోతే స్టోరే. అలాంటిది మూడురోజుల పాటు వదిన పుస్తకం ముట్టలేదు. అయిదింటికి లేస్తోంది, టీ పెట్టుకుంటోంది, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంటోంది. కార్డుల కట్ట నా మిషను మీద అలాగే ఉంది. క్షమించమని అడగడం నాకు పుట్టుకతో రాదు. నా మీద నాకే అసహ్యం వేసి, ఆ కోపం గుడ్డల మీద చూపించి రెండు చొక్కాలు పాడుచేశాను.

నాలుగో రోజు పొద్దున ఒక పైజామా బాగుచేస్తున్నాను. బొందు చివికిపోయింది, కొత్తది వేయాలి. వదిన టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడింది. నేను తలెత్తలేదు. పాత బొందు కొసకి కొత్త బొందు ముడివేసి, రెండో వైపు నుంచి మెల్లగా లాగుతున్నాను.

“అలా ముడెందుకేశావు?” అంది.

మూడు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. నేను మామూలుగా ఉన్నట్టు నటిస్తూ, “మరి పాతది ముందే లాగేస్తే కొత్తదాన్ని ఎలా దూర్చను? పిన్నీసు పెట్టి గంటసేపు పొడుచుకుంటూ కూర్చోవాలి. ఓనమాలు కూడా తెలీనట్టు అడుగుతావేంటి?” అన్నాను.

వదిన గ్లాసు మిషను మీద ఠక్కున పెట్టింది. టీ తొణికి పైజామా మీద పడింది.

“ఒసేయ్! నేను రోజూ చేసేదే అది!”

“ఏది?”

“తీగ లాగేటప్పుడు గొట్టంలో ఒక దారం వదిలేసి వస్తాను. మళ్లీ ఇంకో తీగ వేయాల్సొస్తే ఆ దారానికి కట్టి లాగడానికి. పనిలో చేరిన మొదటి రోజే మా మేస్త్రీ చెప్పాడు, దారం వదలకుండా గొట్టం మూసినవాడు పనివాడే కాదని. పద్నాలుగేళ్లలో ఒక్క గొట్టం కూడా దారం లేకుండా మూయలేదమ్మాయ్ నేను! అక్కడ మాత్రం నాకోసం దారం వదలకుండా మూసేశాను!”

“అది కంప్యూటరు కదా వదినా.”

“అదే నేను చేసిన తప్పు. అది చదువుకున్నవాళ్ల పని, ఇది నిచ్చెన పని అనుకున్నాను. రెండూ ఒకటే.” కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లలో నీళ్లు, ముఖంలో నవ్వు. “ఏదీ, కార్డు తియ్యి.”

తీశాను. టీ మరక పడ్డ పైజామా గురించి ఒక్క మాట కూడా అనలేదు. నా క్షమాపణ అదేనని ఆవిడకి తెలుసు.

ఆ వారంలోనే ఆస్పత్రి స్టోర్లో మూల పడున్న పాత కాపలా మిషను ఒకదాన్ని అడిగి, రాయించుకుని ఇంటికి తెచ్చింది. ఇంట్లో ఇంటర్నెట్ అంతా దాంట్లోంచి పోయేలా తగిలించింది. “పుస్తకం చదివానే గానీ చేత్తో చేయలేదు, నా చేతికి తెలిస్తేనే నాకు తెలిసినట్టు” అంది. ఇక నాకు కష్టాలు మొదలయ్యాయి. పాటలు వింటూ కుడుతుంటే ఫోన్లో పాట టక్కున ఆగిపోయేది. “వదినా!” అని నేను అరిస్తే, “ఆగిందా? అయితే పనిచేస్తోంది!” అని లోపల్నుంచి సంతోషంగా అరిచేది. రోజూ మూసేది, తెరిచేది. మొదటి లైనులో ఎప్పుడూ తనని తాను రానిచ్చుకునేది. సరిగ్గా పడిందో లేదో లోపలికీ బయటికీ రెండుసార్లు వెళ్లొచ్చి చూసుకునేది. ఆ తర్వాతే మిగతా లైన్లు. అందర్నీ ఆపే లైను అన్నిటికన్నా అడుగున. ముందు తన దారి తను ఉంచుకోవడాన్ని ‘దారం వదలడం’ అనేది. మూడు వారాలు తిరిగేసరికి అన్నయ్య కూడా పొద్దున డ్యూటీకి పోతూ, “దారం వదిలావా?” అని అడగడం మొదలుపెట్టాడు. ఆయన రోజు మొత్తంలో మాట్లాడే మాటల్లో అది సగం.

రెండో పరీక్ష గడువుకి అయిదు రోజుల ముందు పడింది. ఆ పొద్దున నేను ముందుగదిలో నా షాపుకి తాళం వేశాను. నా షాపు మూసి ఉండటం చూసి ఎదురింటావిడ, “ఎవరైనా పోయారా?” అని అడిగింది. “ఇంకా లేదు, సాయంత్రం చెప్తాను” అన్నాను. అన్నయ్య నడిపే బస్సులోనే వెళ్లాం, ఆయన వెనక సీట్లో. దారి పొడవునా ఒక్క మాట లేదు. మేం దిగేటప్పుడు మాత్రం అద్దంలోంచి వదిన వైపు చూసి, “వదిలే రా,” అన్నాడు. వెనక ఎక్కుతున్నవాళ్లకి అది ఏమర్థమయిందో గానీ, వదిన తలూపింది.

పరీక్ష రాసే చోట కౌంటరు దగ్గర ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి వదిన గడియారం, ఫోను, బ్యాగు అన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. నాకు బయటి గదిలో ప్లాస్టిక్ కుర్చీ చూపించి కూర్చోమంది. గంటన్నర. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. అక్కడి కర్టెన్ అంచు ఊడిపోయి వేలాడుతోంది. సూదీ దారం పర్సులో ఎప్పుడూ ఉంటాయి కదా, లేచి కుట్టేశాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది గానీ వద్దనలేదు.

లోపల జరిగింది వదిన తర్వాత చెప్పింది. చివరి పని ఈసారి ఒక గోదాము కంప్యూటర్ల మీద వచ్చిందట. పాత సరఫరాదారులందర్నీ ఆపి, కొత్తవాళ్లు ముగ్గుర్నే రానివ్వాలి. తెరమీది గడియారంలో ఇంకా తొమ్మిది నిమిషాలే ఉంది. ఆపే లైను ముందు రాసేద్దామని వేళ్లు ఉరికాయట. చేయి వెనక్కి తీసుకుని, “దారం” అని పైకే అంది. “మాట్లాడకూడదండీ” అని పరీక్ష గదిలో కాపలా ఉన్నాయన మందలించాడు. ముందు తనని తాను రానిచ్చుకుంది. లోపలికెళ్లింది, బయటికొచ్చింది, మళ్లీ వెళ్లింది. తొందరగా చేయమని గడియారం అరుస్తుంటే ఈవిడ గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూ కూర్చుందన్నమాట! ఆ తర్వాత ముగ్గుర్ని రానిచ్చి, అడుగున అందర్నీ ఆపింది. తను మాత్రం లోపలే ఉంది.

ఫలితం అక్కడ తెరమీద చూపించరు, కౌంటరు దగ్గర కాగితం ఇస్తారు. ఆ అమ్మాయి కాగితం మడిచి ఇచ్చింది. వదిన దాన్ని విప్పకుండా నా చేతిలో పెట్టింది.

“నువ్వే చదువు. అన్ని కార్డులూ నువ్వే చదివావు. ఇదీ నువ్వే చదివి చెప్పు.”

విప్పాను. మొదటి లైను చదివాను. ఎప్పుడూ ఆగని నా నోరు అప్పుడు ఆగిపోయింది. తలూపాను. ఎందుకు తలూపుతున్నానో వదినకి అర్థం కాలేదు.

“పోయిందా?” అంది.

“చచ్చినదానా, పాసయ్యావు!” అని ఒక్క అరుపు అరిచాను. వదినని అలా ఎప్పుడూ అనలేదు, అనకూడదు కూడా. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఆ బయటి గదిలో బావురుమన్నాం. కౌంటరు అమ్మాయి లేచి నిలబడి, “అయ్యో, మళ్లీ రాయొచ్చండీ” అని ఓదార్చింది.

ఆస్పత్రి ఉద్యోగుల్లో సర్టిఫికెట్ చూపించింది ఆవిడొక్కతే. పోస్టు ఆవిడకే వచ్చింది.

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు వదిన తిరిగొచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను. అన్నయ్య కూడా ఉన్నాడు. “చెప్పు, చెప్పు,” అన్నాను. అప్పుడు చెప్పింది.

పొద్దున్నే మూడో అంతస్తుకి పిలిచారట. అదే గది, అదే చలి, అదే ఆఫీసరు. కాపలా మిషను మీద ఒక మార్పు చేయాలి, ఇకమీదట అది ఆవిడ పని. ఆవిడకి సొంత పాస్‌వర్డ్ ఇచ్చారు. కుర్చీలో కూర్చుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పక్కనే ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ఆవిడ చేతులు కీల మీద పెట్టి ఊరికే ఆగింది. ఒక్క క్షణం అతనికి తట్టలేదు. తట్టగానే, “సారీ మేడమ్” అని అటు తిరిగాడు, గోడవైపు.

వదిన పాస్‌వర్డ్ కొడుతోంది. కొత్తది, పొడుగైనది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. వెనక నుంచి ఆఫీసరు గొంతు.

“మేడమ్! ఈ సిలిండరు గడువు దాటి నాలుగేళ్లయిందండీ! ఎవరూ చూడలేదా?”

“నేను చూశాను సార్,” అంది వదిన. “కొంచెం అటే ఉండండి, ఇంకా అవలేదు.”

మధ్యాహ్నం తన కొత్త బల్ల దగ్గర కూర్చుని ఆవిడ రాసిన మొదటి ఉత్తరం ఆ సిలిండరు గురించే. కింద తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. మర్నాడు పదింటికల్లా కొత్త సిలిండరు వచ్చింది.